సక్యులెంట్ ఎంత పెరుగుతుంది, ఎప్పటికి పెరుగుతుంది?

"ఆరు నెలలైంది. తెచ్చినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. అసలు బతికే ఉందా?" ఇంట్లో సక్యులెంట్ (దళసరి ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే మొక్క) పెంచడం మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఇది. దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకొకరు సంతోషంగా చెబుతారు: "రెండు నెలల్లో జానెడు పెరిగింది!" నిజానికి మొదటి మొక్క చాలాసార్లు బాగానే ఉంటుంది. టెన్షన్ పడాల్సింది రెండో మొక్క గురించి.

మనీప్లాంట్, తులసి, మందార లాంటి వాటిని చూసి అలవాటైన కళ్లతో సక్యులెంట్‌ని చూడడంతోనే చిక్కు మొదలవుతుంది. ఆ మొక్కల్లో ఎత్తు పెరిగితే పెరిగినట్టే లెక్క. సక్యులెంట్‌లో అలా కాదు. నీళ్లు తాగి ఆకులు ఉబ్బుతాయి, వెలుతురు చాలక కాండం సాగుతుంది, నడిమి నుంచి కొత్త ఆకులు వస్తాయి, మొదలు దగ్గర పిలకలు పుడతాయి. పైకి నాలుగూ పెరుగుదలలాగే కనిపిస్తాయి. వీటిలో మొదటిది నీటి లెక్క, రెండోది ఇబ్బందికి గుర్తు. అసలైన ఎదుగుదల చివరి రెండే.

ముందు అది ఏ జాతో తెలియాలి

అరచేతిలో పట్టే కుండీలో ఉన్నంత మాత్రాన ఆ మొక్క ఎప్పటికీ చిన్నదిగానే ఉంటుందని కాదు. అది పూర్తిగా ఎదిగిన పొట్టి జాతి కావచ్చు, పెద్ద చెట్టయ్యే జాతికి చెందిన పసి మొక్క కావచ్చు. రెండూ పక్కపక్కనే ఒకే సైజు కుండీల్లో కూర్చుని ఉంటాయి.

తెల్లటి అడ్డచారలుండే హావర్థియానే తీసుకోండి. చాలా ఇళ్లలో కిటికీ పక్కన కనిపించే మొక్క అది. ఒక్కో ఆకుల గుత్తి పది, పదిహేను సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. పిలకలు పెట్టి పక్కలకు విస్తరిస్తుందే తప్ప ఆ ఎత్తు దాటడం అరుదు. గులాబీ పువ్వులా ఆకులు విచ్చుకునే ఎచెవేరియాల్లో ఎక్కువ రకాల గుత్తి వెడల్పు పది నుంచి ఇరవై సెంటీమీటర్లు. గులకరాళ్లలా కనిపించే లిథాప్స్ పూర్తిగా ఎదిగాక కూడా కొన్ని సెంటీమీటర్లే. జేడ్ మొక్క సంగతి వేరు. అది పొద జాతి. కుండీలో కూడా ఏళ్లు గడిచే కొద్దీ కాండం లావెక్కి, కొమ్మలు వేసి, మీటరు ఎత్తు వరకు వెళ్లగలదు. మూడు పలకలుగా నిలువుగా పెరిగే యుఫోర్బియా ట్రైగోనా, చిన్న కుండీలో ఎంత ముద్దుగా ఉన్నా, వెలుతురూ చోటూ దొరికితే మనిషి ఎత్తు దాటేస్తుంది.

ఒక్కోసారి జాతి పేరు తెలిసినా సరిపోదు. కత్తుల్లా నిలువుగా లేచే స్నేక్ ప్లాంట్ ఆకులు మీటరు దాకా పోతాయి. అదే జాతిలో హాన్ని అనే పొట్టి రకం మాత్రం గిన్నెలా విచ్చుకుని, జానెడు ఎత్తు దగ్గరే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఎరువు వేసినా అది పొడవు రకంగా మారదు.

పసి మొక్కని చూసి వేగాన్ని అంచనా కట్టడం కూడా కష్టమే. అమెరికా నైరుతి ఎడారుల్లో పెరిగే సగ్వారో కాక్టస్ ఇందుకు గట్టి ఉదాహరణ. సగ్వారో జాతీయ పార్కులో గమనించిన దాని ప్రకారం, విత్తనం మొలిచిన మొదటి ఎనిమిదేళ్లలో అది పెరిగేది ఒకటి, ఒకటిన్నర అంగుళం మాత్రమే. ఆ అంగుళం మొక్కే తర్వాతి కాలంలో పన్నెండు మీటర్లు దాటే స్తంభమవుతుంది. అంటే ఒక మొక్క జీవితమంతా ఒకే వేగంతో పెరగదు. ఆకులు, వేళ్లు తక్కువగా ఉన్న వయసులో చేతికందే శక్తీ తక్కువే, కాబట్టి నడక కూడా నెమ్మదే.

హావర్థియా పేరు గురించి ఒక చిన్న మాట. లేబుల్ మీద ఫాసియాటా అని ఉన్నా, ఇళ్లలో ఉండేవి చాలావరకు అటెన్యుయాటా. ఆకు లోపలి వైపు వేలితో తడిమితే తెలిసిపోతుంది. నున్నగా ఉంటే ఫాసియాటా, అక్కడ కూడా తెల్ల బుడిపెలు తగిలితే అటెన్యుయాటా. 2013లో వృక్షశాస్త్రవేత్త గోర్డన్ రౌలీ ఈ రెండింటినీ హావర్థియా నుంచి విడదీసి హావర్థియాప్సిస్ అనే వేరే ప్రజాతిలో చేర్చారు. పెంచే పద్ధతిలో తేడా లేదు కాబట్టి దీని గురించి మధనపడక్కర్లేదు.

నెమ్మదితనం ఎక్కడి నుంచి వస్తుంది

మామూలు మొక్కలు పగటిపూట ఆకుల మీది సన్నటి రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి, ఎండ సాయంతో అప్పటికప్పుడే చక్కెరగా మార్చుకుంటాయి. రంధ్రాలు తెరిచి ఉన్నంతసేపూ లోపలి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. నీటికి కొరత లేనిచోట ఆ నష్టం పెద్ద లెక్కలోకి రాదు. రాళ్ల సందుల్లో, ఎప్పుడో పడే వానల మీద బతికే మొక్కకు మాత్రం అది ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే చాలా సక్యులెంట్లు పనివేళలు మార్చుకున్నాయి. గాలి చల్లబడ్డాక, రాత్రిపూట రంధ్రాలు తెరుస్తాయి. లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటాయి. తెల్లవారాక రంధ్రాలు మూసేసి, దాచిన ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్‌ని మళ్లీ విడుదల చేసుకుని, మూసిన తలుపుల వెనకే ఎండతో చక్కెర తయారు చేసుకుంటాయి. శాస్త్రవేత్తలు దీన్ని క్యామ్ పద్ధతి అంటారు.

దీని మొదటి ఆచూకీ నాలుకకు దొరికింది. భారతదేశంలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హేన్ రణపాల ఆకు నమిలి చూసి, పొద్దున్నే పుల్లగా ఉన్న ఆకు మధ్యాహ్నానికి చప్పబడిపోతోందని గమనించారు. ఆ సంగతి 1815లో లండన్‌లోని లినియన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రాత్రంతా పోగైన ఆమ్లం ఎండెక్కే కొద్దీ ఖర్చైపోవడమే ఆ రుచి మార్పు.

ఈ పద్ధతి వల్ల నీరు ఎంత ఆదా అవుతుందో అంకెల్లో చూస్తే అర్థమవుతుంది. ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ లోపలికి తీసుకోవడానికి మామూలు మొక్క 400 నుంచి 500 గ్రాముల నీరు పోగొట్టుకుంటే, క్యామ్ మొక్కకు 50 నుంచి 100 గ్రాములు చాలు. అయితే ఈ పొదుపుకి ఒక హద్దు ఉంది. రాత్రి కణాల్లో ఎంత ఆమ్లం పడితే పగటి పని చాలావరకు అంతే. గోదాము నిండాక బయట ఎంత సరుకున్నా దించుకోవడం కుదరదు కదా.

ఇక్కడ ఒక అపోహ సరిచేయాలి. క్యామ్ పద్ధతి ఉన్న ప్రతి మొక్కా నత్తనడక నడవదు. అనాస కూడా క్యామ్ మొక్కే. పొలంలో నీరూ ఎండా దొరికితే బాగానే పెరుగుతుంది. కొన్ని అగేవ్‌లు (కిత్తనార జాతి మొక్కలు), నాగజెముళ్లు మంచి పరిస్థితుల్లో పెద్ద మొత్తంలో దిగుబడి ఇస్తాయి. నీరు సమృద్ధిగా ఉంటే క్యామ్ మొక్కలు సాయంత్రాలు కూడా రంధ్రాలు తెరిచి అదనంగా పని చేసుకోగలవు. కాబట్టి ఇంట్లోని చిన్న సక్యులెంట్ నెమ్మదిగా ఉండడానికి క్యామ్ ఒక్కటే కారణం కాదు. దళసరి ఆకుల్లో లోపలి కండ ఎక్కువ, ఎండ పడే పైభాగం తక్కువ. దానికి తోడు ఇంట్లో వెలుతురూ తక్కువే. ఇవన్నీ కలిస్తేనే ఆ నెమ్మదితనం.

నీళ్లు అసలే దొరక్కపోతే ఈ మొక్కలు ఇంకో మెట్టు దిగుతాయి. పగలూ రాత్రీ రంధ్రాలు మూసుకుని, తాము వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నే తిరిగి వాడుకుంటూ కాలం గడుపుతాయి. బయటి నుంచి ఏమీ రాదు కాబట్టి ఎదుగుదల కూడా ఉండదు. ప్రాణం మాత్రం నిలుస్తుంది. రెండు నెలలు ఊరెళ్లి వచ్చినా సక్యులెంట్ బతికే ఉండడం వెనక ఉన్న రహస్యం ఇదే. ఆ రెండు నెలల్లో అది పెరగలేదని బాధపడడం మాత్రం అన్యాయం.

వెలుతురు: కన్ను మోసం చేసే చోటు

ఎదుగుదల గురించి ఒక్క విషయమే చెప్పే వీలుంటే నేను వెలుతురు గురించే చెబుతాను. మన కన్ను ఎంత వెలుతురుకైనా సర్దుకుపోతుంది. అందుకే గది "బాగా వెలుగ్గా ఉంది" అనిపిస్తుంది. మీటరు పెట్టి కొలిస్తే కథ వేరు. నడినెత్తిన ఎండలో సుమారు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది. ధారాళంగా వెలుతురు పడే కిటికీ పక్కన కొన్ని వేలు. గది మధ్యలో బల్ల మీద చూస్తే కొన్ని వందలే. కిటికీ నుంచి రెండడుగులు లోపలికి జరిపితే మనకు తేడా తెలియదు, మొక్కకు సగం తిండి పోతుంది.

అలాంటి చోట మొక్క ఊరికే కూర్చోదు. చేతిలో ఉన్న నిల్వనంతా వెలుతురు వెతుక్కోవడానికి ఖర్చు పెడుతుంది. ఆక్సిన్, జిబ్బరెలిన్ అనే హార్మోన్ల పనితో కాండంలోని కణాలు పొడవుగా సాగుతాయి. ఆకుల మధ్య దూరం పెరుగుతుంది. కొత్త ఆకులు చిన్నగా, పాలిపోయి వస్తాయి, విచ్చుకున్న గుత్తి కిందికి వాలిపోతుంది. వెలుతురు ఒకే వైపు నుంచి వస్తుంటే నీడవైపు కణాలు ఎక్కువ సాగి మొక్క వంగుతుంది. "రెండు నెలల్లో జానెడు" అన్న మొక్క సాధారణంగా చేస్తున్నది ఇదే. తూకం వేసి, నీరంతా తీసేసి చూస్తే అందులో కొత్తగా చేరిన పదార్థం దాదాపు ఏమీ ఉండదు. ఉన్నదాన్నే లాగి పొడవు చేసింది.

ఎచెవేరియా ఈ విషయంలో అందరికంటే ముందు ఉంటుంది. దాని సొంతూరు మెక్సికో ఎత్తైన నేలలు, అక్కడ ఎండకు లోటు లేదు. ఇంటి లోపల పెడితే కొన్ని వారాల్లోనే మెడ చాస్తుంది. హావర్థియా దక్షిణాఫ్రికాలో పొదల కింద, రాళ్ల చాటున పెరిగే మొక్క. అందుకే కిటికీ వెలుతురుతో సర్దుకుపోతుంది. ఇంటి లోపల ఒకే ఒక్క సక్యులెంట్ పెట్టుకోవాలనుకునే వారికి నేను హావర్థియానే చెప్పడానికి కారణం ఇదే. దాని అందం గురించి వాదనలుండొచ్చు, ఓర్పు గురించి ఉండవు.

అలాగని నీడలో పెరిగిన మొక్కని ఒక్కసారిగా ఎండలో పెట్టేయకూడదు. ఆకులు కాలి, మానని మచ్చలు పడతాయి. రెండు మూడు వారాల్లో మెల్లమెల్లగా జరపాలి.

ఆకులు వస్తున్నా సైజు మారని మొక్క

హావర్థియాని పైనుంచి, దగ్గరగా చూడండి. నడిమధ్యలో ఒకదాన్నొకటి హత్తుకున్న రెండు మూడు లేత ఆకు మొనలు కనిపిస్తాయి. మిగతా ఆకుల కంటే లేత పచ్చగా, చారలు ఇంకా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎదుగుదల జరిగేది ఆ నలుసంత చోటులోనే. అక్కడి నుంచి వచ్చిన ప్రతి ఆకూ పాత ఆకుల్ని పక్కకి నెడుతుంది. అడుగున ఉన్న అన్నిటికంటే పాత ఆకు మొన నుంచి ఎండడం మొదలై, చివరికి గోధుమరంగు రేకులా మిగులుతుంది. పైన కొత్త ఆకు, కింద ఎండిన ఆకు. రెండూ సమానంగా సాగినంతకాలం గుత్తి వెడల్పు స్కేలు పెట్టి కొలిచినా మారదు. మొక్క మాత్రం ఆగలేదు, ఆకుల్ని మార్చుకుంటూనే ఉంది.

పైగా హావర్థియాలకు ముడుచుకునే వేళ్లుంటాయి. అవి మట్టిలో పట్టు దొరికించుకుని, కుంచించుకుపోతూ, మొక్కని కిందికి లాగుతాయి. ఎండాకాలంలో మట్టిలోకి దిగి తలదాచుకోవడానికి అడవిలో అది పనికొస్తుంది. కుండీలో ఉన్న మొక్క కూడా ఆ పని మానదు. ఏడాది తర్వాత చూస్తే నిరుటి కంటే పొట్టిగా కనిపించిందంటే, అది కుంగిపోయిందని కాదు, వేళ్లు బాగా పనిచేస్తున్నాయని.

లిథాప్స్ ఇంకా వింత. ఒక్కో తలకు ఉండేది రెండే ఆకులు. ఏటా ఆ జంట లోపల, దానికి అడ్డంగా, కొత్త జంట తయారవుతుంది. పాత ఆకుల్లోని నీరంతా పీల్చుకుని కొత్తవి బయటికి వస్తాయి, పాతవి కాగితంలా ఎండి పొరగా మిగులుతాయి. ఏడాది కష్టం తర్వాత కూడా మళ్లీ రెండాకులే, దాదాపు అదే సైజు. పాత ఆకులు ముడతలు పడుతుంటే జాలిపడి నీళ్లు పోస్తారు కొందరు. అప్పుడు అవి ఎండకుండా అలాగే నిలిచిపోయి, కొత్త జంటకు దక్కాల్సిన చోటునీ బలాన్నీ లాగేసుకుంటాయి. ఆ కొన్ని నెలలు నీళ్లు ఆపేయడమే దానికి చేసే సేవ.

పిలకలు వేసే మొక్కలది మరో లెక్క. హావర్థియా, కలబంద ఒక దశకు వచ్చాక, తల్లి గుత్తి పెద్దదవడం తగ్గి, ఆ బలమంతా చుట్టూ పుట్టే పిలకలకు పోతుంది. తల్లి మొక్కనే చూసే వాళ్లకు అది ఆగిపోయినట్టు ఉంటుంది. పిలకల్ని విడదీయాలా వద్దా అన్నది మీ ఇష్టం. గుబురుగా కావాలంటే ఉంచేయండి. తీయాలనుకుంటే దాని సొంత వేళ్లు వచ్చేదాకా ఆగండి, తొందరపడి విరిచినవి నిలదొక్కుకోవడానికి చాలాకాలం తీసుకుంటాయి.

కుండీ, నీళ్లు, ఎరువు, వాతావరణం

పెద్ద కుండీలో మొక్క పెద్దదవుతుందనే నమ్మకంలో నిజం లేకపోలేదు. రకరకాల మొక్కల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి 2012లో చేసిన ఒక విశ్లేషణలో, కుండీ పరిమాణం రెట్టింపు చేస్తే మొక్క బరువు సగటున 43 శాతం పెరిగినట్టు తేలింది. కానీ ఆ సగటును సక్యులెంట్‌కి నేరుగా అతికించకూడదు. ఇంట్లో పెద్ద కుండీ అంటే వేళ్లు చేరని తడి మట్టి ఎక్కువగా ఉండడం. ఆ తడి ఆరదు, వేళ్లు కుళ్లుతాయి, వేళ్లు పోయిన మొక్క ఉన్న ఆకుల్ని తింటూ కుంచించుకుపోతుంది. వేళ్లు కుండీ నిండాక, ఒకటి రెండు అంగుళాలు మాత్రమే వెడల్పు ఎక్కువున్న దానిలోకి మార్చడం మేలు.

నీళ్ల గురించి అందరూ చెప్పేదే: మట్టి పూర్తిగా ఆరాకే, పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా. ఇక్కడ సైజుకు సంబంధించిన సంగతి ఒకటుంది. నీళ్లు పోసిన రెండు మూడు రోజులకు ఆకులు ఉబ్బి మొక్క పెద్దదైనట్టు కనిపిస్తుంది. మట్టి ఆరే కొద్దీ మళ్లీ సన్నబడుతుంది. రెండు ఫొటోలు పోల్చేటప్పుడు ఈ ఉబ్బు లెక్కలోకి రాకుండా చూసుకోవాలి.

ఎరువు చివరి సంగతి. వెలుతురు చాలని మొక్కకు నత్రజని ఎక్కువ వేస్తే సాగడం ఇంకా ఎక్కువవుతుంది తప్ప బలం రాదు. మొక్క చురుగ్గా ఉన్న నెలల్లో, బాగా పలచన చేసి, అప్పుడప్పుడు ఇస్తే సరిపోతుంది.

కాలాన్ని కూడా గమనించాలి. రాత్రి రంధ్రాలు తెరిచే మొక్కలకు రాత్రి చల్లగా ఉంటేనే పని జరుగుతుంది. చాలా కాక్టస్‌లు, అగేవ్‌లు రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని బాగా తీసుకుంటాయి. రాత్రిళ్లు కూడా ఉడికిపోయే రోజుల్లో హావర్థియా లాంటివి దాదాపు నిద్రపోతాయి. ఆ సమయంలో కొత్త ఆకు కోసం ఎదురుచూడడం, అది రాలేదని ఇంకాసిని నీళ్లు పోయడం, రెండూ దండగే. రెండోది ప్రమాదం కూడా.

మరి పెరుగుతోందని తెలుసుకునేదెలా

స్కేలు పక్కన పెట్టి ఆకులు లెక్కపెట్టండి. నడిమి లేత ఆకుల్లో పూర్తిగా విచ్చుకున్న కొత్తదాని మీద, సులువుగా చెరగని పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. మూడు నెలలయ్యాక ఆ చుక్కకు లోపలివైపు ఎన్ని ఆకులు విచ్చుకున్నాయో చూడండి. హావర్థియాలో చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నా అది ఆరోగ్యంగా ఉన్నట్టే. ఒక్కటీ రాలేదంటే, కాలం అనుకూలంగా ఉన్నా రాలేదంటే, వేళ్లు చూడాల్సిన సమయం వచ్చింది. కుండీలోంచి మెల్లగా కదిపితే గట్టిగా పట్టుకుని ఉందా, ఊగిపోతోందా? ఊగిపోతుంటే వేళ్లు పోయినట్టే. మెత్తబడ్డవి కత్తిరించి, కోసిన చోటు ఆరనిచ్చి, పొడి మట్టిలో మళ్లీ నాటాలి.

కొత్త ఆకుల్ని పాతవాటితో పోల్చడం కూడా పనికొస్తుంది. కొత్తవి పాతవాటంత దళసరిగా, వాటంత దగ్గరగా వస్తుంటే వెలుతురు సరిపోతోంది. సన్నగా, దూరం దూరంగా వస్తుంటే కుండీని కిటికీ దగ్గరికి జరపాలి. ఫొటోలు తీయాలనుకుంటే నెలకోసారి, నీళ్లు పోసే ముందు, పైనుంచి, పక్కన ఒక నాణెం పెట్టి తీయండి.

ఇప్పటికే సాగిపోయిన మొక్క సంగతి? ఒకసారి సాగిన కాండం, ఎంత ఎండలో పెట్టినా, మళ్లీ పొట్టిది కాదు. ఎచెవేరియా, జేడ్ లాంటి కాండం ఉన్నవాటికి దారి ఉంది. పైగుత్తిని రెండు మూడు సెంటీమీటర్ల కాండంతో సహా కోసి, కోసిన చోటు కొన్ని రోజులు నీడలో ఆరబెట్టి, నీరు నిలవని మట్టిలో గుచ్చాలి. మిగిలిన మోడును పారేయకండి. మంచి వెలుతురులో పెడితే ఆకులు రాలిన కణుపుల దగ్గర నుంచి చాలాసార్లు కొత్త గుత్తులు పుట్టుకొస్తాయి, ఒక మొక్క ఉన్నచోట రెండు మూడవుతాయి. హావర్థియాకు కోయడానికి కాండం కనిపించదు. సాగిన ఆకులు సాగినట్టే ఉంటాయి. వెలుతురులోకి మార్చాక నడిమి నుంచి పొట్టి ఆకులు వస్తూ, పాతవి అడుగున ఎండిపోతూ, గుత్తి మళ్లీ కుదురుగా కనిపించడానికి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యపోకండి.